అప్పుకు ముందు అడగాల్సిన డబ్బు

అమెరికాలో రెండేళ్ల ఎమ్మెస్‌కు ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే మామూలు యూనివర్సిటీలో కూడా ఇవాళ నలభై లక్షల దగ్గర తేలుతోంది. ఆ నలభై లక్షలు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలనెలా 80 వేలు వడ్డీకే పోతాయి. ఏడాది తిరిగేసరికి 9 లక్షల 60 వేలు. అసలు మాత్రం అలాగే ఉంటుంది.

కొండాపురం, కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి... నెల్లూరు జిల్లాలో పడమటి మెట్ట మండలాలివి. తూర్పున పెన్నా నీళ్లతో వరి పండే డెల్టా వేరు, వానను, బోరును నమ్ముకున్న ఈ నేల వేరు. కలిగిరిలోనో డీసీపల్లిలోనో పొగాకు వేలంలో ధర పలికితే ఆ ఏడు గట్టెక్కినట్టు. ఇక్కడి రైతు ఇంట్లో పిల్లవాడి అమెరికా మాట రాగానే లెక్క మొదలయ్యేది పొలం మీద, ఆ తర్వాత బంగారం మీద. ఏ బ్యాంకు ఇస్తుంది, ఏ ఫైనాన్స్ కంపెనీ ఇస్తుంది, బావమరిది ఎంత సర్దుతాడు అన్నవి ఆ వెంటనే వచ్చే ప్రశ్నలు. స్కాలర్‌షిప్ అన్న మాట వినిపిస్తే అది చివర్లోనే. అదీ ఐఐటీ పిల్లలకి, పెద్ద పెద్ద ర్యాంకులవాళ్లకి వచ్చేదన్నట్టు.

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మన దేశం మొదటి స్థానానికి చేరిన ఏడాది అది. అందులో తెలుగువాళ్ల వాటా ఎంత పెద్దదో హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ ముందు నిలబడే వరుస చూస్తే తెలుస్తుంది. వాళ్లలో చాలామంది ఖర్చుకు ఆధారం అప్పే. అప్పు చేయడం తప్పేమీ కాదు. కానీ తిరిగి కట్టనక్కర్లేని డబ్బు ఎక్కడుందో ఒక్కసారి కూడా వెతక్కుండా అప్పుకు వెళ్లడం నష్టం. ఆ నష్టం అందరికంటే ఎక్కువగా మెట్ట ఊళ్ల పిల్లలకే జరుగుతోంది.

ఎవరో ఒకరి డబ్బుతో వెళ్లినవాళ్లు

సొంత డబ్బుతో కాక మరొకరి సాయంతో పై దేశాల్లో చదివే తోవ కొత్తది కాదు. చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీదే కేంబ్రిడ్జి వెళ్లాడు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయింది ఆయనే. 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇచ్చిన సాయంతో అంబేద్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చేరాడు. చదువయ్యాక బరోడా సంస్థానంలో పనిచేయాలన్న షరతు ఆ సాయంతోనే వచ్చింది. నేటి స్కాలర్‌షిప్ బాండ్లకు పాత రూపం అది.

తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఎల్లాప్రగడ సుబ్బారావు సంగతి. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన ఆయనకు ఎంబీబీఎస్ రాలేదు. దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. గాంధీ పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చిందని చెబుతారు. 1920ల మొదట్లో హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరడానికి ఆయన బయల్దేరినప్పుడు రెండు ఆధారాలు దొరికాయి. ఒకటి మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని ఇచ్చిన మాట. రెండోది మామగారు సమకూర్చిన డబ్బు. రంగూన్ వ్యాపారంలో సంపాదించిన సొమ్మును ధర్మానికి వదిలిన సత్యలింగం నాయకర్ పేరు కాకినాడలో ఇప్పటికీ వినిపిస్తుంది. బోస్టన్ చేరాక ఆ డబ్బు చాలక సుబ్బారావు ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశాడు. కొన్నేళ్లకే, ఒంట్లో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి వచ్చింది. శరీరం శక్తిని ఎలా వాడుకుంటుందో చెప్పే ఏటీపీ పరిశోధన వచ్చింది.

సుబ్బారావు ఖర్చు ఒక్క చోటు నుంచి రాలేదు. ధర్మసంస్థ కొంత, కుటుంబం కొంత, సొంత రెక్కలు కొంత. ఇప్పటి విద్యార్థుల్లో ఎక్కువమందికి జరిగేదీ ఇదే. మొత్తం ఖర్చు పెట్టుకునే స్కాలర్‌షిప్ రావచ్చు, రాకపోవచ్చు. ఫీజులో సగం మాఫీ, ఒక ట్రస్టు సాయం, మిగిలినదానికి చిన్న అప్పు కలిస్తే నలభై లక్షల అప్పు పదిహేను లక్షలకు దిగుతుంది. మెట్ట రైతు కుటుంబానికి ఆ తేడాతో పొలం మిగులుతుంది.

ఢిల్లీలో ఉన్న 125 సీట్లు

కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. ఏటా 125 మందికి. అందులో 115 ఎస్సీలకు, 6 విముక్త, సంచార, అర్ధసంచార జాతులకు, 4 భూమి లేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి కుటుంబాలకు. మొత్తంలో 30 శాతం ఆడపిల్లలకు. పీజీ, పీహెచ్‌డీలకే ఇస్తారు, డిగ్రీకి ఇవ్వరు. డిగ్రీలోనో పీజీలోనో 60 శాతం మార్కులుండాలి, వయసు 35 దాటకూడదు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. సీటు వచ్చిన యూనివర్సిటీ ప్రపంచ విశ్వవిద్యాలయాల క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500లో ఉండాలి.

ఎంపికైతే ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది. ఖర్చులకు ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌లో అయితే 9,900 పౌండ్లు ఇస్తారు. విమానం టికెట్టు, వీసా ఫీజు, ఆరోగ్య బీమా అదనం. గిరిజనులకు గిరిజన వ్యవహారాల శాఖ విడిగా ఏటా 20 స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. నెల్లూరు జిల్లాలో యానాదులు, ఎరుకలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ల పిల్లలకు దారి అది.

నాలుగే సీట్లున్న ఆ చివరి వర్గాన్ని ఉదయగిరి ప్రాంతం ప్రత్యేకంగా గమనించాలి. ఉదయగిరి దుర్గం కింద తరతరాలుగా చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సన్నటి చెక్క కాడ మీద నగిషీ తీసే ఆ ఇళ్లలో ఇంజినీరింగ్, డిగ్రీ చదివిన పిల్లలుంటే, చేతివృత్తుల వర్గానికి మార్గదర్శకాల్లో ఇచ్చిన నిర్వచనం చదివి, తాము అందులోకి వస్తారో లేదో తేల్చుకోవాలి. అలాగే సెంటు భూమి లేకుండా పొగాకు నాట్లకు, మిరప కోతలకు కూలికి వెళ్లే ఇళ్లు కొండాపురం మండలంలో తక్కువ లేవు. వాళ్ల పిల్లలకూ అదే వర్గం.

జాగ్రత్తలూ ఉన్నాయి. 2022 నుంచి భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశంపై సామాజిక అధ్యయనాల వంటి అంశాలను పథకం నుంచి తీసేశారు. ఎంపిక జాబితాలో పేరు రాగానే డబ్బు వచ్చేసినట్టూ కాదు. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే మంజూరు పత్రాలు ఇచ్చారు, మిగతావాళ్లకు నిధులను బట్టి ఇస్తామన్నారు. అందుకే ఈ పథకంలో పేరొచ్చినా రెండో దారి ఒకటి తెరిచి ఉంచుకోవాలి.

పేరు మారే పథకం

రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా సాయం ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు, నిబంధనలు రెండూ మార్చుకుంటూ వచ్చింది. 2019కి ముందు వర్గాన్ని బట్టి 10 నుంచి 15 లక్షల దాకా ఇచ్చేవారు. తర్వాత అది నిలిచింది. 2022 జూలైలో కొత్త పేరుతో వచ్చినప్పుడు యూనివర్సిటీ ర్యాంకు షరతు పెట్టారు. క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 100లో సీటొస్తే ఫీజు మొత్తం ఇస్తామన్నారు. తర్వాత నిబంధన మళ్లీ మారింది. సబ్జెక్టులవారీ ర్యాంకుల్లో మొదటి 50లో ఉండాలన్నారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు కోటి పాతిక లక్షల వరకు, ఇతర పేదలకు కోటి వరకు పరిమితి పెట్టారు. 2024లో ప్రభుత్వం మారింది.

ఈ మార్పులన్నింటి నుంచి విద్యార్థి నేర్చుకోవాల్సింది ఒకటే. పక్కింటి అన్న రెండేళ్ల కిందట చెప్పిన నిబంధన ఈ ఏడాది చెల్లదు. ఏ సంవత్సరానికి దరఖాస్తు చేస్తే ఆ ఏడాది జీవో చదవాల్సిందే. ఇలాంటి సాయం విడతలుగా, చాలాసార్లు విదేశం చేరాక, సెమిస్టర్ ఫలితాలు చూపించాక వస్తుంది. కాబట్టి మొదటి సెమిస్టర్ డబ్బు చేతిలో లేకుండా పథకాన్నే నమ్ముకుని విమానం ఎక్కితే అక్కడ ఇబ్బంది పడాలి. తెలంగాణలో స్థిరపడ్డ నెల్లూరు కుటుంబాలు అక్కడి స్థానికత ఉంటే అంబేద్కర్, జ్యోతిబా ఫులే పేర్లతో ఉన్న ఓవర్సీస్ విద్యానిధి పథకాలు చూడవచ్చు.

మైనారిటీలకు అప్పు వడ్డీ భరించే 'పఢో పర్‌దేశ్' పథకాన్ని కేంద్రం 2022లో ఆపేసింది. ఇప్పటికీ దాని పేరు చెప్పి ఆశ పెట్టేవాళ్లున్నారు.

ఊరి సంగతే అర్హత

చాలా అంతర్జాతీయ స్కాలర్‌షిప్‌లు మార్కులతోపాటు మనిషి చేసిన పనిని చూస్తాయి. బ్రిటిష్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవ్‌నింగ్‌కు రెండేళ్ల అనుభవం, లెక్కకు 2,800 గంటల పని కావాలి. స్వచ్ఛందంగా చేసిన పనీ లెక్కలోకి వస్తుంది. ఫీజు, నెల ఖర్చులు, టికెట్టు అన్నీ వాళ్లవే. చదివాక కనీసం రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. అమెరికాకు వెళ్లే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ల అనుభవం అడుగుతారు. అది ప్రజారోగ్యం, పర్యావరణం, పరిపాలన, పట్టణ ప్రణాళిక వంటి చదువులకే. జర్మనీ డాడ్ సంస్థ అభివృద్ధి రంగాల కోర్సులకు రెండేళ్ల అనుభవం ఉన్నవారికి నెలకు వెయ్యి యూరోలకు కాస్త తక్కువగా ఇస్తుంది. యూరోపియన్ యూనియన్ 2004లో మొదలుపెట్టిన ఎరాస్మస్ ముండస్‌కు అనుభవం తప్పనిసరి కాదు. రెండు మూడు దేశాల్లో చదివిస్తూ, ఫీజు తీసుకోకుండా, నెలకు 1,400 యూరోలు ఇస్తారు.

ఈ జాబితా చూస్తే ఒక విషయం తేలుతుంది. కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కు స్కాలర్‌షిప్‌లు తక్కువ. పెద్ద మొత్తంలో సాయం చేసే ఇన్‌లాక్స్ ఫౌండేషన్ కూడా ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, మేనేజ్‌మెంట్‌లకు ఇవ్వదు. నీరు, నేల, ఆరోగ్యం, వ్యవసాయం, చదువు, పాలన మీద పనిచేసేవాళ్లకు ఎక్కువ దొరుకుతాయి. అటువైపు చూస్తే మెట్ట ఊళ్ల యువతకు తమ ఊరే పెద్ద అర్హత అవుతుంది.

స్కాలర్‌షిప్ వ్యాసంలో చాలామంది రాసేది ఒక్కటే: చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం, ప్రపంచ స్థాయి విద్య కావాలి, దేశానికి సేవ చేయాలి. వేల దరఖాస్తుల్లో ఇదే ఉంటే ఎంపిక చేసేవాళ్లకు మనిషి కనబడడు. ఉదయగిరి ప్రాంతంలో తాగునీటి ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాలది. పళ్ల మీద మచ్చలున్న పిల్లలు, వంగిపోయిన మోకాళ్లున్న పెద్దవాళ్లు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తూ ఊళ్లో బోర్ల నీటి పరీక్షల లెక్కలు రాసిపెట్టిన అమ్మాయి భూగర్భజలాల చదువుకు దరఖాస్తు చేస్తే ఆమె రాసే వ్యాసానికి సాటి ఉండదు. ఏ ఊళ్లో ఎన్ని బోర్లలో నీళ్లు తాగడానికి పనికిరావు, ఆర్వో ప్లాంటు పెట్టాక ఏం మారింది, ఇంకా ఏం తెలియడం లేదు, ఆ తెలియనిది ఏ యూనివర్సిటీలో ఏ ప్రొఫెసర్ దగ్గర నేర్చుకోవచ్చు అని రాస్తే చాలు. పొగాకుకు ప్రత్యామ్నాయ పంటల మీద రైతులతో పనిచేసిన అగ్రికల్చర్ గ్రాడ్యుయేట్‌కూ అంతే. వలస కుటుంబాల పిల్లల బడి మానివేత మీద పనిచేసిన టీచర్‌కూ అంతే.

డిగ్రీ అయిన వెంటనే విమానం ఎక్కకపోతే సంవత్సరం వృథా అయిపోయిందని ఇళ్లల్లో బాధపడతారు. ఊళ్లో మనసుపెట్టి చేసిన రెండేళ్ల ఉద్యోగం స్కాలర్‌షిప్ కమిటీ ముందు మార్కుల జాబితా కంటే బలంగా నిలవవచ్చు.

ఇంజినీరింగ్ పిల్లలకు దారి

ఇంజినీరింగ్, సైన్స్ చదివినవాళ్లకు అన్నింటికంటే పెద్ద సాయం స్కాలర్‌షిప్ పేరుతో కనబడదు. అమెరికాలో మంచి యూనివర్సిటీల్లో సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీ చేసేవాళ్లకు మామూలుగా ఫీజు మాఫీ చేసి, నెలనెలా భత్యం ఇస్తారు. బదులుగా వారానికి ఇరవై గంటల దాకా డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పడమో, ప్రొఫెసర్ పరిశోధనలో పనిచేయడమో చేయాలి. టీచింగ్ అసిస్టెంట్‌షిప్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ అంటే ఇవే. ఎమ్మెస్ వాళ్లకు ఇవి అరుదు. చేరాక ఒక సెమిస్టర్ మంచి మార్కులు తెచ్చుకుని ప్రొఫెసర్లను అడిగితే కొందరికి దొరుకుతాయి.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివారి దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. ఫీజు లేకపోయినా బతకడానికి డబ్బుందని చూపించాలి. ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి వీసాకు వెళ్లాలి. అది ఖర్చు కాదు, మన డబ్బే, నెలనెలా మనకే వస్తుంది. కానీ ముందుగా ఒకేసారి ఉండాలి. పూర్తి స్కాలర్‌షిప్ వచ్చినవారికి ఆ పత్రమే దాని బదులు సరిపోతుంది.

స్కాలర్‌షిప్‌కు, అప్పుకు మధ్యలో రుణ స్కాలర్‌షిప్‌లున్నాయి. జెంషెడ్జీ టాటా 1892లో పెట్టిన జేఎన్ టాటా ఎండోమెంట్ వాటిలో మొదటిది. కేరళలో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన కేఆర్ నారాయణన్ 1945లో లండన్ వెళ్లింది టాటా సాయంతోనే. కేసీ మహీంద్రా ట్రస్టు, నరోత్తం సేఖ్‌సరియా ఫౌండేషన్ వడ్డీ లేని రుణ స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాయి. తిరిగి కట్టాలి గానీ రెండు రూపాయల వడ్డీతో పోల్చే పనే లేదు.

బ్యాంకు అప్పు తప్పనప్పుడు మెట్ట కుటుంబానికి ఎదురయ్యే అడ్డంకి తాకట్టు. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి అడుగుతాయి. ఇల్లు, ఇంటి స్థలం, ఫ్లాటు, డిపాజిట్ అయితే సరే. చాలా బ్యాంకులు వ్యవసాయ భూమి తీసుకోవు. పదెకరాల చేను ఉన్న రైతు కూడా ఇక్కడ చిన్నబోతాడు. పెద్ద ర్యాంకు యూనివర్సిటీలో సీటొస్తే కొన్ని బ్యాంకులు తాకట్టు లేకుండానే పెద్ద మొత్తం ఇస్తున్నాయి. యూనివర్సిటీ ఎంపికలో ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఇంటిపేరు కాలమ్

స్కాలర్‌షిప్‌లు పోయేది మార్కులు తక్కువై మాత్రమే కాదు, కాగితాల దగ్గర కూడా. దగ్గరగా చూస్తే అన్నింటికంటే ఎక్కువ తలనొప్పి పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొన్నిసార్లు ఒక్క అక్షరంగా మాత్రమే. ఆధార్‌లో ఇంటిపేరు చివర్లోకి పోతుంది, లేదా అసలు ఉండదు. పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఇంటిపేరు కాలమ్ ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు ఒకే కాలమ్‌లో నింపేస్తారు. ఆ పాస్‌పోర్ట్‌తో అమెరికా వీసాకు వెళితే మొత్తం పేరును ఇంటిపేరుగా తీసుకుని, మొదటి పేరు దగ్గర 'పేరు తెలియదు' అన్న అర్థం వచ్చే మూడు అక్షరాలు వేస్తారు. అక్కడ బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్స్, చివరికి స్కాలర్‌షిప్ చెక్కు మీద కూడా ఆ మూడక్షరాలే వెంటాడతాయి.

ఇది సరిచేయడానికి వారాలు, నెలలు పడుతుంది. డిగ్రీ రెండో ఏడాదిలోనే పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్ట్ మూడూ పక్కపక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం ఒకేలా ఉందా చూసుకోవాలి. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా.

మిగతా కాగితాలకు కూడా సమయం కావాలి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు దాకా వెళ్లి రావాలి. ఆదాయ పత్రం పాతదైతే చెల్లదు, ఆ ఆర్థిక సంవత్సరానిది అడుగుతారు. మార్కుల ట్రాన్స్‌క్రిప్టులకు ఇంజినీరింగ్ వాళ్లు అనంతపురం జేఎన్‌టీయూకు, డిగ్రీ వాళ్లు నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీకి అడగాలి. ఆ యూనివర్సిటీ 2008లో వచ్చింది కాబట్టి అంతకుముందు కావలిలో చదివినవాళ్లు తిరుపతి ఎస్వీయూకు వెళ్లాలి.

మొదటి లక్ష రూపాయలు

పూర్తి స్కాలర్‌షిప్ వచ్చే పిల్లవాడు కూడా ఒక చిన్న మొత్తం దగ్గర ఆగిపోవచ్చు. ఐఈఎల్టీఎస్ పరీక్షకు పదిహేడు వేల పైన, జీఆర్ఈకి ఇరవై రెండు వేల పైన. ఒక్కో అమెరికన్ యూనివర్సిటీ దరఖాస్తుకు 60 నుంచి 100 డాలర్లు. వీసాకు ముందు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. ఆరు యూనివర్సిటీలకు దరఖాస్తు చేస్తే అంతా కలిపి లక్ష దాటుతుంది. సెవిస్, వీసా ఫీజులు సీటు వచ్చాక కట్టేవి. మిగతావన్నీ సీటు, స్కాలర్‌షిప్ వస్తాయో రావో తేలకముందే పెట్టాల్సిన ఖర్చులు.

ఇక్కడ తగ్గించుకునే మార్గాలున్నాయి. 2020 తర్వాత చాలా యూనివర్సిటీలు జీఆర్ఈ తప్పనిసరి కాదన్నాయి, అలాంటివే ఎంచుకోవచ్చు. కుటుంబ ఆదాయం తక్కువని మర్యాదగా, క్లుప్తంగా మెయిల్ రాస్తే దరఖాస్తు ఫీజు మాఫీ చేసే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. చీవ్‌నింగ్‌కు, ఫుల్‌బ్రైట్‌కు, నేషనల్ ఓవర్సీస్‌కు దరఖాస్తు ఫీజే లేదు. హైదరాబాద్‌లో ఎడ్యుకేషన్ యూఎస్ఏ సలహాదారులు పైసా తీసుకోకుండా సలహా ఇస్తారు. ప్రతిభ ఉండి ఈ మొదటి ఖర్చులు భరించలేని విద్యార్థుల కోసం ఆ సంస్థకు ప్రత్యేక నిధి ఒకటి ఉంది. ఆ ఏడాది అది నడుస్తోందా అని అడగాలి.

చాలా కన్సల్టెన్సీలకు ఆదాయం యూనివర్సిటీలు ఇచ్చే కమీషన్ నుంచి వస్తుంది. కాబట్టి ఫీజు లేని జర్మన్ యూనివర్సిటీ గురించీ, పీహెచ్‌డీ అసిస్టెంట్‌షిప్ గురించీ వాళ్ల దగ్గర పెద్దగా వినబడదు. స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అనేవాళ్ల దగ్గర నుంచి మాత్రం లేచి వచ్చేయాలి. నిజమైన స్కాలర్‌షిప్ కోసం మధ్యవర్తికి డబ్బు కట్టాల్సిన పని లేదు. తేలికగా దొరికే సీటు కూడా ప్రమాదమే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేసినప్పుడు అందులో చదువుతున్నవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ పేరుతో అమెరికా ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీలో చేరి 2019లో పట్టుబడ్డ 129 మంది భారతీయుల్లో కూడా తెలుగువాళ్లే ఎక్కువ.

నెలల లెక్క

స్కాలర్‌షిప్ వేట అంటే ప్రధానంగా నెలల లెక్క. సెప్టెంబరులో క్లాసులు మొదలయ్యే చదువుకు అంతకు ముందటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరులోనే పని మొదలవ్వాలి. చీవ్‌నింగ్ దరఖాస్తులు ఆగస్టులో తెరుచుకుని శరదృతువులో మూసుకుంటాయి. ఎరాస్మస్ ముండస్ కోర్సులు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి మధ్య. అమెరికన్ పీహెచ్‌డీ గడువులు డిసెంబరులో. టాటా ఎండోమెంట్ ఏడాది మొదట్లో. నేషనల్ ఓవర్సీస్ ఇటీవలి ఏళ్లలో ఫిబ్రవరి, మార్చిల్లో పిలుస్తున్నారు. ఫుల్‌బ్రైట్ వేసవిలో, అదీ ఏడాదికి పైగా ముందే. ఈ నెలలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకున్న విద్యార్థికి గడువు దాటిపోదు.

సిఫారసు లేఖల సంగతీ అప్పుడే చూసుకోవాలి. పాఠం చెప్పిన లెక్చరర్ రాసే సిఫారసు లేఖ 'మంచి విద్యార్థి, క్రమశిక్షణ గలవాడు' అన్న రెండు ముక్కలతో ముగిస్తే పనికిరాదు. ఏ ప్రాజెక్టు చేశాడు, ఏ సమస్యను ఎలా పరిష్కరించాడు అని వివరం ఉండాలి. అడిగిన రెండు రోజుల్లో ఇలాంటి లేఖ రాదు. తను చేసిన పనుల జాబితా ఇచ్చి, నెల రోజులు గడువిస్తే వస్తుంది.

ఇందులో విద్యార్థి ఒంటరిగా చేయలేనిది కొంత ఉంది. కావలి జవహర్ భారతి 1951 నుంచి ఈ మెట్ట పిల్లలకు చదువు చెబుతోంది. అక్కడా, ఆత్మకూరు, ఉదయగిరి కాలేజీల్లోనూ చదివి ఇవాళ అమెరికాలో, జర్మనీలో, ఆస్ట్రేలియాలో స్థిరపడ్డవాళ్లు వందల్లో ఉంటారు. అమెరికాలోని తానా వంటి తెలుగు సంఘాలు ఊళ్లల్లో పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాయి, ఆపదలో ఉన్న విద్యార్థులకు సాయం చేస్తున్నాయి. ఈ పూర్వ విద్యార్థులు ఏటా పది మంది జూనియర్ల స్కాలర్‌షిప్ వ్యాసాలు చదివి దిద్ది పంపినా, ఒక్కో పిల్లవాడి మొదటి దరఖాస్తు ఫీజులు భరించినా ఎన్నో ఇళ్లలో నలభై లక్షల అప్పు తప్పుతుంది. కాలేజీలు చేయాల్సింది ఇంకా తేలిక. ఫిబ్రవరిలో నేషనల్ ఓవర్సీస్ ప్రకటన రాగానే తెలుగులో ఒక పేజీగా అచ్చేసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఫైనలియర్ క్లాసుల్లోకి వెళ్లి చదివి వినిపించాలి. అర్హత ఉన్న పిల్లల పేర్లు రాసుకుని, వాళ్ల ఆదాయ పత్రం, ట్రాన్స్‌క్రిప్టు గడువులోగా చేతికి వచ్చేలా ఒక లెక్చరర్‌కు బాధ్యత అప్పగించాలి. వచ్చే ఫిబ్రవరికే ఆ పేజీ కొండాపురం పిల్లలు చదివే ప్రతి కాలేజీ బోర్డు మీదా ఉండాలి.